లైకులకు చిల్లర దొరుకుతుందా?

జీఎస్టీ రిటర్నులో పెద్ద లోపం ఒకటుంది. అమ్మకాలకు గడి ఉంది, కొనుగోళ్లకు గడి ఉంది, ఇన్‌పుట్ క్రెడిట్‌కు గడి ఉంది. లైకులకు మాత్రం లేదు. ఊరూరా వ్యాపారులు నెలనెలా వేలకు వేల లైకులు సంపాదిస్తుంటే, వాటిని చూపించుకోవడానికి ప్రభుత్వం ఒక్క గడి కూడా ఇవ్వకపోవడం ఏం న్యాయం? బ్యాంకులదీ అదే తీరు. ఓవర్‌డ్రాఫ్ట్ అడగడానికి వెళ్లి "మా పేజీకి 42 వేల మంది ఫాలోవర్లున్నారండీ" అంటే, మేనేజరు కళ్లజోడు పైనుంచి చూసి "స్టాక్ స్టేట్‌మెంట్ తెచ్చారా?" అంటాడు. ఇక ఐదో తారీఖున అద్దె బదులు ఎంగేజ్‌మెంట్ రేటు చూపిస్తే పుచ్చుకునే షాపు ఓనరు తెలుగునాట ఇంకా పుట్టలేదు.

సోషల్ మీడియా మార్కెటింగ్ వల్ల వ్యాపారం పెరుగుతుందని ఏజెన్సీలవాళ్లు ఢంకా బజాయిస్తున్నారు. పెరుగుతుంది, కాదనను. పెరిగే వ్యాపారం ఎవరిదన్న దగ్గరే నాకూ వాళ్లకూ పేచీ.

పంపుసెట్లు, పీవీసీ పైపులు అమ్మే దుకాణం ఒకటి అనుకోండి. ముప్ఫై ఏళ్లుగా నడుస్తోంది. ఒకరోజు కొత్తగా కోర్సు పూర్తి చేసిన కుర్రాడొకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తాడు. "సార్, మీకు డిజిటల్ ప్రెజెన్స్ లేదు" అంటాడు. డాక్టరు మీకు హిమోగ్లోబిన్ లేదన్నంత గంభీరంగా అంటాడు. ఓనరుకి గుండె గుభేలుమంటుంది. నెలకు పదిహేను వేలు, పన్నెండు పోస్టర్లు, నాలుగు రీల్సు, పండగ విషెస్ ఫ్రీ. అక్కడి నుంచి మొదలవుతుంది జాతర. వినాయక చవితి పోస్టరులో వినాయకుడు కింద మూలన, ఓనరు గారు నడిమధ్యన, చేతులు జోడించి. మదర్స్ డేకి అమ్మ ఒడిలో పాప, పక్కనే ఐదు హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు. యోగా దినోత్సవానికి ఆ మోటారే చాప మీద పద్మాసనంలో. దానికి వచ్చిన కామెంట్లలో "సూపర్ బావా" అన్నది బామ్మర్ది. నిప్పు బొమ్మలు పెట్టినవాళ్లు కొట్లో పనిచేసే ముగ్గురు కుర్రాళ్లు. "కంగ్రాట్స్ సార్" అన్నవాడు అదే బజార్లో అదే సరుకు అమ్ముకునే పోటీదారు. ఎందుకు కంగ్రాట్సో వాడికీ తెలీదు.

వరి పొట్టమీద ఉన్నప్పుడు రాత్రి రెండింటికి మోటారు కాలిపోయిన రైతు ఇన్‌స్టాగ్రామ్ తెరవడు. మెకానిక్కుకి ఫోన్ చేస్తాడు. ఏ కంపెనీ వేయాలో, ఏ కొట్లో కొనాలో ఆ మెకానిక్కే చెబుతాడు. పంపుసెట్ల వ్యాపారంలో అసలు ఇన్‌ఫ్లుయెన్సరు ఆయనే. ఆయనకి ఫాలోవర్లు లేరు, బ్లూటిక్కు లేదు, గ్రీజు అంటిన కీప్యాడ్ ఫోనుంది. ముప్ఫై ఏళ్లుగా కొట్టు నిలబడింది ఆయన మాట మీద. డిజిటల్ బడ్జెట్ వచ్చాక మొదట కోత పడింది ఆయనకి దసరాకి పెట్టే బట్టల మీదే.

నెలాఖరున రిపోర్టు వస్తుంది. రంగురంగుల గ్రాఫులు, అన్నీ పైకే చూస్తుంటాయి. మన ఓనరు కాస్త భయంభయంగానే అడుగుతాడు.

"అంతా బాగుంది బాబూ, అమ్మకం ఏమైనా పెరిగిందా?"

"సార్, మనది బ్రాండ్ అవేర్‌నెస్ ఫేజ్."

"అంటే?"

"ఫస్ట్ జనానికి మనం తెలవాలి సార్."

"ముప్ఫై ఏళ్ల నుంచి ఇక్కడే ఉన్నాం కదయ్యా."

"అది ఆఫ్‌లైన్ సార్."

ఈ శాస్త్రంలో గొప్పదనం ఏమిటంటే, ఇందులో ఓడిపోవడం అనేది లేదు. అమ్మకం పెరిగితే క్యాంపెయిన్ మహిమ. తగ్గితే మార్కెట్ డల్. కదలకుండా ఉంటే "మనం లేకపోతే పడిపోయేది సార్". ఏదీ కుదరకపోతే ఆల్గారిథమ్ మారింది. జాతకాలు చెప్పేవాళ్లు కూడా ఇంత భద్రమైన చోట కూర్చోలేదు. వాళ్లకి కనీసం ముహూర్తం తప్పితే తిట్టేవాడు ఒకడుంటాడు.

ఇంతకీ ఆ గ్రాఫుల్లో ఉన్న అంకెలేమిటి? ఇంప్రెషన్ అంటే మీ పోస్టు ఎవరి తెర మీదో పడింది అని. చూశాడని కాదు. బస్సులో నిద్రపోతూ బొటనవేలితో తోసుకుంటూ పోయినవాడు కూడా లెక్కలోకి వస్తాడు. ఫేస్‌బుక్‌లో ఒకప్పుడు మూడు సెకన్లు ఆడితేనే వీడియో 'వ్యూ' అయిపోయేది. మూడు సెకన్లలో మన దుకాణం బోర్డు చదవడం కూడా పూర్తికాదు. అంతకంటే రుచికరమైన సంగతి ఇంకోటుంది. జనం సగటున ఎంతసేపు వీడియో చూస్తున్నారో చెప్పే అంకెను రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపించామని 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. మూడు సెకన్లలోపు వెళ్లిపోయినవాళ్లని లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్ల సగటు కట్టారు. పరీక్ష తప్పిన పిల్లల్ని పక్కనబెట్టి స్కూలు సగటు మార్కులు చెప్పినట్టు అన్నమాట. అది 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువ చూపించింది. ప్రకటనదారులు కోర్టుకెక్కితే 2019లో 4 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. మన కిరాణా కొట్టువాడు తూకంలో అంత తేడా చేస్తే తూనికల శాఖ వచ్చి తక్కెడ పట్టుకుపోతుంది.

చిన్న కొట్లకు తెలివి లేదు, పెద్ద కంపెనీలకు ఉంటుంది అనుకుంటున్నారా? 2010లో పెప్సీ 23 ఏళ్లుగా ఇస్తున్న సూపర్ బౌల్ (అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్) టీవీ ప్రకటనలు మానేసి, ఆన్‌లైన్‌లో జనం ఓట్లతో మంచి పనులకు డబ్బిచ్చే పథకం పెట్టింది. 2 కోట్ల డాలర్లు. కోట్ల ఓట్లు పడ్డాయి, లక్షల లైకులు వచ్చాయి. ఆ ఏడు అమెరికా కోలా అమ్మకాల్లో పెప్సీ రెండో స్థానం నుంచి మూడో స్థానానికి జారింది. దాన్ని దాటిపోయింది డైట్ కోక్. జనం ఓటు పెప్సీకి వేశారు, డబ్బు కోక్‌కి ఇచ్చారు. మన ఎన్నికలు చూసినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు.

2012 మేలో, ఫేస్‌బుక్ షేర్లు మార్కెట్లోకి వచ్చే వారంలోనే, ఏడాదికి కోటి డాలర్ల ప్రకటనలు ఆపేస్తున్నామని జనరల్ మోటార్స్ చెప్పింది. వాటి వల్ల కార్లు అమ్ముడుపోవడం లేదని దాని బాధ. మరుసటేడు మళ్లీ వచ్చి చేరిందనుకోండి, ఈ వ్యసనం అంత తేలిగ్గా వదలదు. 2017లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ డిజిటల్ ప్రకటనల్లో 20 కోట్ల డాలర్లు కోసేసింది. సబ్బులు, డైపర్లు ఎప్పట్లాగే అమ్ముడుపోయాయి. ఉబర్‌లో ఆన్‌లైన్ ప్రకటనల ఖర్చు చూసిన కెవిన్ ఫ్రిష్ తరవాత బయటపెట్టిన సంగతి ఇంకా ఘాటుగా ఉంటుంది. 15 కోట్ల డాలర్ల ఖర్చులో 10 కోట్లు ఆపేస్తే కొత్తగా చేరేవాళ్ల సంఖ్య కదల్లేదు. లెక్కలు కట్టడానికి ప్రపంచంలోని మేధావులందర్నీ కొలువులో పెట్టుకున్న కంపెనీలకే ఇలా ఉంటే, మన పంపుసెట్ల ఓనరుకి ఎవరు చెబుతారు?

పెళ్లిమంటపం గుమ్మంలో పన్నీరు చల్లే కుర్రాణ్ణి చూసే ఉంటారు. వచ్చిన ప్రతివాడి మీదా చల్లుతాడు. సాయంత్రం వాడు పెళ్లికూతురి తండ్రి దగ్గరికెళ్లి, "ఎనిమిది వందల మందిని నేనే తెచ్చానండీ, చూడండి అందరి చొక్కాల మీదా నా పన్నీరుంది, తలకి వంద ఇవ్వండి" అంటే ఎలా ఉంటుంది? ఆన్‌లైన్ ప్రకటనల లెక్క చాలామటుకు ఇదే. మీ కొట్టుకి రావాలని ముందే అనుకున్నవాడిని, మీ సైటు నిన్ననే చూసి వెళ్లినవాడిని, మీ పేరు పెట్టి వెతుకుతున్నవాడిని ఏరి మరీ వాడికి ప్రకటన చూపిస్తారు. వాడు ఎలాగూ కొంటాడు. కొనగానే "మా ప్రకటన తెచ్చిన అమ్మకం" అని రాసుకుంటారు. ఈబే కంపెనీ దీన్ని పరీక్షించి చూసింది. సెర్చి ఇంజన్లలో తన పేరు పెట్టి వెతికేవాళ్లకి చూపించే ప్రకటనలు ఆపేసింది. జనం కింద ఉన్న ఉచిత లింకు నొక్కి వచ్చేశారు, దాదాపు అందరూ. 2013లో ఆర్థికవేత్తలు ఆ ఫలితం ప్రకటించారు. అది సెర్చి ప్రకటనల సంగతే, నిజమే. కానీ పన్నీరు ఏ బుడ్డిలోంచి చల్లినా పన్నీరే.

మొదట్లో ఇదంతా ఉచితం అన్నారు గుర్తుందా? పేజీ పెట్టుకోండి, కస్టమర్లను చేర్చుకోండి, వాళ్లతో నేరుగా మాట్లాడండి అన్నారు. ఓనర్లు నిజమేననుకుని తమ కస్టమర్లని బతిమాలి, కౌంటర్లో బోర్డు పెట్టి, లక్కీ డ్రా తీసి పేజీకి చేర్చారు. జనం చేరాక వాళ్లకి మన పోస్టు కనబడటం తగ్గింది. సగటున 16 శాతం మందికి చేరుతోందని 2012లో ఫేస్‌బుక్కే చెప్పింది. రెండేళ్లు తిరిగేసరికి ఓగిల్వీ సంస్థ కట్టిన లెక్కలో అది 6 శాతానికి దిగింది. మిగతావాళ్లకి కనబడాలంటే బూస్ట్ బటన్ నొక్కాలి, కార్డు గీకాలి. మన చుట్టాల్ని మనమే పిలుచుకొచ్చి వాళ్లింట్లో దింపాం. ఇప్పుడు పలకరించాలంటే గుమ్మం దగ్గర టికెట్టు తీసుకోవాలి.

ఏజెన్సీ ఎప్పుడూ వేయని లెక్క ఒకటి వేసి చూద్దాం. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలమ్మే చెల్లెమ్మ ఒకామె ఉందనుకోండి. చీర వెయ్యి రూపాయలు. ఆమెకు పడ్డది 650. ప్రకటన ద్వారా వంద ఆర్డర్లు వచ్చాయి, ఒక్కో ఆర్డరుకి ప్రకటన ఖర్చు 150. ఏజెన్సీ డ్యాష్‌బోర్డులో ఏం కనబడుతుంది? 15 వేలు పెడితే లక్ష అమ్మకం. ఆరున్నర రెట్లకు పైనే! స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకుంటారు. ఇప్పుడు చెల్లెమ్మ నోటుబుక్ తీయండి. వంద పార్సిళ్లకు కొరియర్, ఒక్కోటి 80 చొప్పున 8 వేలు. ప్యాకింగ్ 1,500. క్యాష్ ఆన్ డెలివరీ కాబట్టి పాతిక పార్సిళ్లు వెనక్కి వచ్చాయి. "మా ఆయన వద్దన్నాడండీ", "ఫోటోలో రాణి రంగు ఉంది, ఇది వంకాయ రంగు", ఇంకొందరు ఫోనే ఎత్తలేదు. ఆ పాతిక వెనక్కి రావడానికి మళ్లీ 2 వేలు. చేతికొచ్చింది 75 వేలు. ఆ 75 చీరల అసలు 48,750. ప్రకటన 15 వేలు కలుపుకుని మొత్తం ఖర్చు 75,250. నికరంగా మిగిలింది 250 రూపాయల నష్టం. జీఎస్టీ, ఏజెన్సీ ఫీజు, మడత పాడైన చీరలు, రాత్రి పన్నెండు దాకా "ప్రైస్ ప్లీజ్" కామెంట్లకి జవాబులిచ్చిన ఆమె కష్టం ఇందులో కలపలేదు. ధర పోస్టులోనే రాసి ఉంటుంది. అయినా అడుగుతారు. ధర రాయకపోతే కామెంట్లు పెరుగుతాయి, కామెంట్లు పెరిగితే రీచ్ పెరుగుతుందని రాయొద్దన్న ఏజెన్సీలు కూడా ఉన్నాయి. ధర దాచి బేరం పెంచుకునే విద్య కనిపెట్టిన తరం ఇదొక్కటే.

ఇక ఇన్‌ఫ్లుయెన్సర్ల దగ్గరికి వద్దాం. హోటల్ తెరిచిన మొదటి వారం కెమెరాలతో దిగుతారు. బిర్యానీ మూత తీస్తారు, ఆవిరి స్లో మోషన్లో లేస్తుంది, ముద్ద నోట్లో పెట్టకముందే కళ్లు మూసుకుని తల ఊపుతారు. ఆ తల ఊపుడుకి రేటు కార్డుంది. ఊరంతటికీ ఇదే బెస్ట్ బిర్యానీ అని చెప్పిన నోరే వచ్చే మంగళవారం ఎదురు హోటల్లోనూ అదే మాట చెబుతుంది. డబ్బో, కానుకో, ఉచిత బసో పుచ్చుకుని పొగిడితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టిస్తే 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చని చట్టంలో ఉంది. రీళ్లలో మాత్రం ఆ మాట ఎక్కడో హ్యాష్‌ట్యాగుల అడవిలో ఇరవయ్యో చెట్టు వెనక నక్కి ఉంటుంది.

ఆ ముఖాలకు అప్పిచ్చిన నమ్మకం ఎంత ఖరీదైందో 2025 మార్చిలో తెలిసింది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో కేసులు పడ్డాయి. ఆ జాబితాల్లో యూట్యూబర్లున్నారు, సినిమా తారలున్నారు. తెలంగాణలో ఆన్‌లైన్ జూదం నిషేధం 2017 నుంచే ఉంది. నేరం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి. నాకు కావలసింది వ్యాపారి పక్షం ప్రశ్న ఒకటే. నిన్న మీ ఆవకాయ సీసా పట్టుకుని "మా అమ్మమ్మ రుచి" అన్న ముఖం రేపు బెట్టింగ్ యాప్ పట్టుకుని "నేను రోజూ ఇందులోనే సంపాదిస్తా" అంటే, మీ సీసా మీద పడే మచ్చకి కొలాబ్ అగ్రిమెంట్లో ఏం రాసుకున్నారు?

"మిమ్మల్ని వైరల్ చేస్తాం" అన్నవాడిని మాత్రం వెంటనే కూర్చోబెట్టి కుమారి ఆంటీ కథ చెప్పమనండి. హైదరాబాద్ మాదాపూర్ రోడ్డు పక్కన ఏళ్ల తరబడి అన్నం, కూరలు వడ్డించి బతికిన మనిషి. ఏజెన్సీ లేదు, ప్యాకేజీ లేదు. వంట బాగుంది, ఐటీ ఉద్యోగులకు ధర అందుబాటులో ఉంది, జనం తిన్నారు. రెండు లివర్లు ఎక్స్‌ట్రా అన్న బిల్లు వీడియో ఊరంతా తిరిగింది. కెమెరాలు వచ్చాయి, కెమెరాల కోసం జనం, జనం కోసం ఇంకా కెమెరాలు. రోడ్డు జామైంది. 2024 జనవరి చివర్లో ట్రాఫిక్ పోలీసులు వచ్చి బండి మూయించారు. అదే చోట అమ్ముకోనివ్వండని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి చెబితే గానీ మళ్లీ పొయ్యి వెలగలేదు. ఆమె కష్టం ఆమెది, నమస్కారం పెట్టాల్సిందే. కానీ వైరల్ ప్యాకేజీ అమ్మేవాడిని అడగండి: ముఖ్యమంత్రి జోక్యం బేసిక్ ప్లాన్‌లో వస్తుందా, ప్రీమియం తీసుకోవాలా?

మరి ఇందులో పనికొచ్చేది ఏమీ లేదా అంటే, ఉంది. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో నేసిన చీర ఫోటో తీసి, ఇదివరకు కొన్న టీచరమ్మకి వాట్సాప్‌లో పంపి, "అమ్మా, మీరడిగిన అంచు దిగింది" అని చెప్పే నేతన్నకు ఫోను నిజంగానే దళారీ బెడద తగ్గిస్తోంది. గోంగూర, కాకరకాయ కారం సీసాలు కట్టి డల్లాస్‌కి పంపే పిన్నికి వాట్సాప్ గ్రూపే దుకాణం. అక్కడ లైకులు లెక్కపెట్టేవారు లేరు. ఫలానావారింట్లో తిన్నాం, బాగుంది అన్న మాట మీద ఆర్డరు వస్తుంది, డబ్బు ముందే పడుతుంది, సీసా కారితే పిన్నే మళ్లీ పంపుతుంది. వ్యాపారమంటే ఎప్పట్నుంచో అదే. ఏజెన్సీ పీపీటీల్లో ఈ పిన్ని ఫోటో పెట్టి, తాము చేసిన ఘనకార్యంలా చూపించడమే నాకు ఒళ్లు మండించేది.

ఆ పిన్ని కూడా ఒక పుస్తకం పెట్టుకోవాలి. కాయితం పుస్తకం. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల ఫాలోవర్లున్న పల్లెటూరి కళాకారులు తెల్లారేసరికి ఖాళీ చేతులతో నిలబడ్డారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు పడుకున్నాయి. ఆ ఆరు గంటలు కస్టమర్ల పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసిపెట్టుకున్నవాడి దుకాణమే తెరిచి ఉంది.

డబ్బు ఎటు పోతోందో తెలుసుకోవాలంటే గల్లాపెట్టె ఎవరింట్లో బరువెక్కిందో చూడాలి. 2024లో మెటా రాబడి 16,450 కోట్ల డాలర్లు, అందులో 97 శాతానికి పైగా ప్రకటనలదే. ఆ ఏడు రాబడిలో పదో వంతు దాకా మోసపు ప్రకటనలు, నిషేధించిన సరుకుల ప్రకటనల నుంచి వస్తుందని కంపెనీ లోపలి కాయితాలే అంచనా వేసుకున్నాయని రాయిటర్స్ 2025 నవంబరులో బయటపెట్టింది. అది అతిగా వేసిన లెక్క అని మెటా అంది. మన దేశం విదేశీ ఆన్‌లైన్ ప్రకటనల మీద 2016లో వేసిన 6 శాతం లెవీ కూడా 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేసింది. ఆ మోసపు ప్రకటనల సంగతే తీసుకుంటే, మీ పోస్టు పక్కన నకిలీ లోను యాప్ మెరుస్తుంటే, అదే వేలంలో దానితో పోటీపడి రేటు పెంచుకుంటూ చెల్లిస్తున్నది మీరే.

కాబట్టి అయ్యా, అమ్మా, ఒక్క పని చేయండి. మీకు రెండు ఊళ్లలో కొట్లుంటే, వచ్చే నెల గుంటూరులో ప్రకటనలు పూర్తిగా ఆపేసి విజయవాడలో ఉంచండి. ఒకే కొట్టుంటే ఓ నెల ఆపి, నిరుడు ఇదే నెల అమ్మకంతో పోల్చండి. పండగ నెల మాత్రం వద్దు, పండగకి అన్నీ అమ్ముడుపోతాయి. గ్రాఫులు చూడకండి, రోజువారీ క్యాష్ పుస్తకం చూడండి. తేడా పడితే నిశ్చింతగా మళ్లీ పెట్టండి, ఈ వ్యాసం చింపి పొట్లం కట్టుకోండి. ఈ పరీక్ష పెడతామనగానే ఏజెన్సీ కుర్రాడు "సార్, మొమెంటమ్ పోతుంది" అంటాడు. అప్పుడు ఫీజు బదులు అమ్మకం మీద కమీషన్ తీసుకోమని అడగండి. ఒప్పుకున్నవాడు దొరికితే వదలకండి. ఒప్పుకోనివాడికి టీ ఇచ్చి పంపండి. ఆ మిగిలిన పదిహేను వేలల్లోంచి, ఈ దసరాకి మెకానిక్కుకి బట్టలు పెట్టండి.